ఉష్ణోగ్రత అదుపులో ఉంటే ఆవిరి నిరపాయమా?
ఆరోగ్య పాఠం: 'బాక్స్ మాడ్' అనే ఈ-సిగరెట్ డబ్బా గురించి



గత సంచికలో ఖైనీ, గుట్కాల గురించి మేము రాసిన పాఠం చదివి కొందరు తల్లిదండ్రులు ఒక ప్రశ్న అడిగారు. "మా పిల్లలు పొగాకు జోలికి పోరు సిస్టర్ గారూ. కానీ సెలవులకు ఇంటికి వచ్చిన అబ్బాయి సంచిలో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఒక లోహపు డబ్బా కనబడింది. ఇదేమిట్రా అంటే, ఇందులో టెంపరేచర్ కంట్రోల్ ఉంది, ఏదీ కాలదు, వచ్చేది పొగ కాదు ఆవిరి, ఏమీ కాదు అంటున్నాడు. నిజమేనా?" మా నర్సింగ్ విద్యార్థినులు కూడా ఇదే అడిగారు. అందుకని ఈసారి పాఠం ఆ డబ్బా మీదే పెట్టుకున్నాం.

ఆ అబ్బాయి చెప్పిన దాంట్లో కొంత నిజం ఉంది. ఎంతవరకు నిజమో తెలుసుకోకుండా కేకలు వేస్తే పిల్లలు మన మాట వినరు. ఎందుకంటే ఆ డబ్బా గురించి వాళ్లకు మనకన్నా ఎక్కువ తెలుసు. కాబట్టి ముందు అది పనిచేసే తీరు నేర్చుకుందాం. మధ్యలో కొన్ని లెక్కలు వస్తాయి. పదో తరగతి ఫిజిక్సుకు మించినవి కావు, భయపడనక్కరలేదు.

డబ్బాలో ఏముంది?

ఈ-సిగరెట్టును ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి తెచ్చినవాడు చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు. అది 2003 నాటి మాట. మొదట్లో అవి సిగరెట్టంత సన్నగా ఉండేవి. ఇంకా ఎక్కువ ఆవిరి కావాలనుకున్నవాళ్లు టార్చిలైటు గొట్టాలవంటి వాటితో సొంతంగా మార్చి చేసుకోవడం మొదలుపెట్టారు. 'మాడ్' అనే పేరు అలా వచ్చింది. తరువాత కంపెనీలే పెట్టె ఆకారంలో తయారుచేసి అమ్మాయి. అదే బాక్స్ మాడ్. విదేశాల్లో 2014 తరువాత కొన్నేళ్లపాటు వీటి జోరు సాగింది. ఆ తరువాత చిన్న పాడ్‌లు, వాడి పారేసేవి ఎక్కువయ్యాయి గాని, బాక్స్ మాడ్‌లు పోలేదు.

కింది పెట్టెలో ఒకటో రెండో బ్యాటరీ సెల్స్, ఒక చిన్న సర్క్యూట్, అంకెలు చూపే తెర ఉంటాయి. పైన ద్రవం నింపే చిన్న ట్యాంకు. ట్యాంకు మధ్యలో స్ప్రింగులా చుట్టిన సన్నని తీగ, అంటే కాయిల్. కాయిల్ లోపల నుంచి దూది వత్తి. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన పదార్థాలు, చాలావాటిలో నికోటిన్ కలిపి ఉంటాయి. మీట నొక్కితే తీగ వేడెక్కుతుంది, వత్తిలోని ద్రవం ఆవిరవుతుంది, దాన్ని పీలుస్తారు.

ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ రెండూ మన ఫార్మసీలోని మందుల్లోనూ ఉంటాయి, నిజమే. అంతమాత్రాన పీల్చడానికీ పనికివస్తాయని అనుకోకూడదు. కొబ్బరినూనె వంటకు మంచిదే. అదే నూనెను స్నానం చేయిస్తూ పసిపిల్లల ముక్కులో వేస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. ఆ మాట నాయనమ్మలకు, అమ్మమ్మలకు చెప్పిచెప్పి మా పిల్లల వార్డు సిస్టర్లు అలసిపోయారు.

వత్తి, నూనె, కమురు వాసన

దీపంలో నూనె ఉన్నంతసేపు వత్తి నిలకడగా ఉంటుంది. నూనె అడుగంటాక వత్తే కాలి కమురు కంపు కొడుతుంది. ఈ డబ్బాలోనూ జరిగేది అదే. దూది తడిగా ఉన్నంతసేపు తీగలోని వేడి ద్రవాన్ని ఆవిరి చేయడానికి ఖర్చయిపోతుంది. దూది ఆరిపోతే వేడి పోవడానికి దారి ఉండదు. తీగ ఒక్కసారిగా కాగిపోతుంది, దూది మాడుతుంది, మిగిలిన కాస్త ద్రవం విచ్ఛిన్నమై విషవాయువులుగా మారుతుంది. పీల్చినవాడికి గొంతు మండి దగ్గు ముంచుకొస్తుంది.

ఇలా జరగకుండా ఆపడానికి పుట్టినదే టెంపరేచర్ కంట్రోల్. అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి చెందిన ఇవాల్వ్ అనే సంస్థ 2014లో తెచ్చిన 'డీఎన్ఏ 40' అనే సర్క్యూట్‌తో ఇది వ్యాప్తిలోకి వచ్చింది.

ఇక్కడ విద్యార్థినులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ డబ్బాలో థర్మామీటరు లేదు. తీగను తాకి వేడి చూసే పరికరం ఏదీ అందులో పెట్టలేదు. సర్క్యూట్ చూసేది తీగకున్న విద్యుత్ నిరోధం ఒక్కటే. లోహం వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎంత నిరోధం ఉందో మొదట గుర్తుపెట్టుకుని, ఇప్పుడెంత ఉందో చూసి, దాన్నిబట్టి వేడి ఇంత ఉండాలి అని లెక్కకడుతుంది. మనం పెట్టిన హద్దు దగ్గరికి వచ్చిందనిపిస్తే కరెంటు తగ్గిస్తుంది.

నికెల్ తీగ ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాని నిరోధం వెయ్యింటికి సుమారు ఆరు వంతులు పెరుగుతుంది. టైటానియానికి మూడున్నర వంతులు. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు ఒక వంతు కూడా నిండదు. హీటర్లలో వాడే కాంథాల్ అనే తీగకు దాదాపు మార్పే ఉండదు, కాబట్టి అది ఈ పనికి పనికిరాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 20 డిగ్రీల గదిలో ఒక నికెల్ కాయిల్ నిరోధం 0.10 ఓమ్ అనుకోండి. అది 220 డిగ్రీలకు చేరితే, పెరిగిన 200 డిగ్రీలకు లెక్కకట్టగా, నిరోధం 0.22 ఓమ్ అవుతుంది. సర్క్యూట్ 0.22 చూడగానే "220 వచ్చింది, చాలు" అని కరెంటు తగ్గిస్తుంది. తెలివైన ఏర్పాటే, కాదనం. ఎండిన వత్తి మాడకుండా ఇది చాలావరకు కాపాడుతుంది.

వార్మర్ పాఠం గుర్తుచేసుకోండి

నవజాత శిశువుల వార్డులో రేడియంట్ వార్మర్ ఎలా పనిచేస్తుందో మా సిస్టర్లందరికీ తెలుసు. బిడ్డ పొట్ట మీద అంటించిన చిన్న ప్రోబ్ చర్మం వేడిని చూసి చెబుతుంది. 36.5 అని పెడితే, అంతకు తగ్గితే హీటర్ పెరుగుతుంది, మించితే తగ్గుతుంది. మరి ఆ ప్రోబ్ ఊడిపోయి పక్కకు పడితే? అది గది గాలిని చూసి "బిడ్డ చల్లబడిపోయింది" అంటుంది. హీటర్ పూర్తి వేడికి పోతుంది. తెర మీద ఏ అంకె ఉన్నా బిడ్డ మాత్రం కాగిపోతుంటుంది. అందుకే తెర వైపు కాదు, ముందు ప్రోబ్ వైపు చూడమని మొదటి సంవత్సరం నుంచే నేర్పుతాం.

బాక్స్ మాడ్ తెర మీది అంకె కూడా అలాంటిదే. అది చూసిన వేడి కాదు, ఊహించిన వేడి. ఊహకు ఆధారం రెండు విషయాలు: మొదట చూసిన చల్లని నిరోధం సరైనదై ఉండాలి, తీగ ఏ లోహమో సరిగ్గా చెప్పి ఉండాలి. ఈ రెండూ చేసేది వాడే మనిషే.

మొదటిది తప్పితే ఏమవుతుందో చూడండి. అప్పటిదాకా వాడిన కాయిల్ ఇంకా 60 డిగ్రీల వేడిలో ఉండగానే విప్పి బిగించి, "ఇదే చల్లని నిరోధం" అని సర్క్యూట్‌కు చెప్పారనుకోండి. అప్పటి నిరోధం 0.124 ఓమ్. సర్క్యూట్ దాన్నే 20 డిగ్రీల నిరోధంగా తీసుకుంటుంది. ఆపైన 220 పెడితే 0.2728 ఓమ్ వచ్చేదాకా వేడిచేస్తుంది. ఆ నిరోధం దగ్గర తీగ అసలు వేడి 308 డిగ్రీలు. తెర మాత్రం 220 అనే చూపుతుంది! గది వేడి 20 అని లెక్కవేసే పరికరానికి మన ఒంగోలు మే నెల మధ్యాహ్నం, 42 డిగ్రీల గదిలో కాయిల్ బిగించినా ఇదే తంటా. అప్పుడు 220 అన్నది నిజానికి 268 దగ్గర ఆగుతుంది.

రెండోది ఇంకా చెడ్డది. ఇస్త్రీ పెట్టెకు పట్టు, నూలు అని గుర్తులుంటాయి. పట్టుచీర పరిచి నూలు గుర్తు దగ్గర పెడితే చీర మాడిపోతుంది. ఈ డబ్బాలోనూ తీగ స్టీలుదై, సర్క్యూట్‌లో నికెల్ అని పెట్టి ఉంటే, తీగ నిజంగా 220లో ఉన్నప్పుడు సర్క్యూట్ దాన్ని 50 అనుకుంటుంది. ఇక ఆపేదేమిటి? హద్దు పేరుకు ఉంటుంది గాని పనిచేయదు.

అసలు హద్దు ఎక్కడ పెట్టాలన్నది మరో ప్రశ్న. 2017లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఈ రెండు ద్రావకాలను వేర్వేరు వేడి దగ్గర పరీక్షించారు. 215 డిగ్రీలు, ఆపైన ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ గుర్తించదగినంతగా వచ్చాయి. 270 దాటాక గ్లిజరిన్ నుంచి ఎక్రోలిన్ వచ్చింది. ఫార్మాల్డిహైడ్ అంటే మన ల్యాబులో స్పెసిమెన్ సీసాల్లో పోసే ఫార్మలిన్‌లో ఉండేదే. బాణలిలో నూనె మాడినప్పుడు కళ్లు మండించేది ఎక్రోలిన్. చాలా బాక్స్ మాడ్‌లలో మీట 315 డిగ్రీల వరకు పెంచుకోవచ్చు. అంటే ఆ హద్దును పెట్టేది కంపెనీ కాదు, శాస్త్రజ్ఞుడూ కాదు, "ఇంకొంచెం ఘాటు కావాలి" అనుకునే ఆ కుర్రవాడు.

వేడి ముఖ్యం కాదని మేము అనడం లేదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలలో అంగిలి కేన్సరు వస్తుందని విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల క్రితమే రాశారు. వేడి, పొగ రెండూ కలిస్తే ఎంత కీడో మన తెలుగు నాట చూసినంతగా మరెక్కడా చూసి ఉండరు. ఈ డబ్బాలో ఆకు కాలదు కాబట్టి తారు ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండదు. ఆ అబ్బాయి మాటలో నిజం ఇక్కడ ఉంది. దాన్ని ఒప్పుకోవాలి.

వేడి లెక్కకు అందనివి

అన్నీ సరిగ్గా అమర్చి, హద్దు 200 దగ్గర పెట్టారనే అనుకుందాం. అప్పుడు ఏం మిగిలింది?

నికోటిన్ మిగిలింది. దానికి మాడనవసరం లేదు, ఆవిరితో పాటే వస్తుంది. అలవాటును పట్టి ఉంచేది అదే. గుండె వేగం, రక్తపోటు పెంచేది అదే. పాతికేళ్లు నిండని మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ వయసులో అది త్వరగా పట్టుకుంటుంది, వదలడం కష్టం.

తీగ లోహాలు మిగిలాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన అధ్యయనంలో రోజూ వేపింగ్ చేసే 56 మంది సొంత పరికరాలనే తెప్పించి పరీక్షించారు. సీసాలోని ద్రవంలో నామమాత్రంగా ఉన్న లోహాలు, కాయిల్‌ను తాకి వచ్చిన ఆవిరిలో ఎక్కువగా కనిపించాయి: సీసం, నికెల్, క్రోమియం, మాంగనీసు. దాదాపు సగం ఆవిరి నమూనాల్లో సీసం ఆరోగ్య పరిమితిని మించింది.

సువాసనలు మిగిలాయి. వెన్న వాసన కోసం కలిపే డయాసిటైల్ అనే పదార్థం పీల్చి, 2000 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరిలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తుల చిన్న గొట్టాలు శాశ్వతంగా మూసుకుపోయాయి. వాళ్లు ఆ పదార్థాన్ని తినలేదు, గాలిలో పీల్చారు. హార్వర్డ్ పరిశోధకులు 2015లో 51 రకాల ఈ-సిగరెట్ సువాసనలు పరీక్షిస్తే 39లో డయాసిటైల్ దొరికింది.

ఇక ద్రవంలో ఎవరు ఏం కలిపారో సర్క్యూట్‌కు ఎలా తెలుస్తుంది? 2019లో అమెరికాలో వేపింగ్ చేసేవాళ్లకు ఉన్నట్టుండి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. 2020 ఫిబ్రవరి 18 నాటికి ఆసుపత్రి పాలైనవారు, చనిపోయినవారు కలిపి 2,807 కేసులు నమోదయ్యాయి. వాటిలో 68 మరణాలు. ఎక్కువమంది వాడినది గంజాయి సారం కలిపిన దొంగ సరుకు, దాన్ని చిక్కగా కనిపించేలా చేయడానికి కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ ముఖ్య కారణమని తేలింది. చర్మానికి రాసుకునే క్రీముల్లో అది నిరపాయమే. మన దేశంలో ఈ సరుకంతా దొంగచాటుగా వచ్చేదే కాబట్టి, సీసా మీది చీటీని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు.

జేబులో నిప్పు

మా సిస్టర్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. బాక్స్ మాడ్‌లో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం సెల్. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు అని ఆ అంకెకు అర్థం. టార్చిలైటు సెల్‌లా కనిపిస్తుంది గాని దానిలోని శక్తి వేరు. పైనున్న పలుచని ప్లాస్టిక్ తొడుగు చిరిగినా, విడి సెల్ జేబులో తాళంచెవులతోనో చిల్లర నాణేలతోనో కలిసినా రెండు కొసలూ కలిసిపోయి, కొద్ది క్షణాల్లో కాగి మంటలు చిమ్ముతుంది. అమెరికా అగ్నిమాపక పరిపాలన విభాగం 2009 నుంచి 2016 వరకు వార్తల్లో వచ్చిన ఈ-సిగరెట్ పేలుళ్లు, మంటలు 195 అని లెక్క తేల్చింది. వాటిలో దాదాపు మూడో వంతు జేబులో ఉండగా జరిగినవే. 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సస్‌లో ఒకరు ముఖం దగ్గర పేలి ప్రాణాలు కోల్పోయారు.

సియాటిల్ నగరంలోని ఒక కాలిన గాయాల కేంద్రంలో 2015 అక్టోబరు నుంచి 2016 జూన్ వరకు ఇలాంటి 15 మందికి చికిత్స చేశారు. వారిలో మూడో వంతు మందికి మంటతో పాటు రసాయనపు కాలిన గాయాలూ ఉన్నాయి. సెల్ లోపలి పదార్థం క్షారం. నిప్పు ఆరినా అది చర్మాన్ని తింటూనే ఉంటుంది. కాబట్టి తొడ కాలి వచ్చిన కుర్రవాణ్ణి మామూలు మంట గాయంగా చూసి మందు రాసి కట్టు కట్టేయకూడదు. గాయం మీద పీహెచ్ కాగితం పెట్టి చూడాలి. క్షారం చూపితే, మామూలు స్థితికి వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి. ముఖం దగ్గర పేలితే శ్వాసమార్గం, కళ్లు, పళ్లు, దవడ ఎముక తప్పక చూడాలి.

ఇంటి దగ్గర అయితే: కాలుతున్న బట్ట తీసేయండి. చర్మానికి అంటుకుపోయినది లాగవద్దు. కొళాయి కింద 20 నిమిషాలు నీళ్లు పోయండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, కోడిగుడ్డు సొన ఏదీ పూయవద్దు. ఆ గాయంతో వచ్చినవాడు సిగ్గుపడి "స్టవ్ దగ్గర కాలింది" అంటాడు. స్టవ్ మంటకు జేబు ఆకారంలో గాయం పడదు.

చిన్న సీసా, పెద్ద ప్రమాదం

పది మిల్లీలీటర్ల సీసాలో మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటే మొత్తం 180 మిల్లీగ్రాములు. పాకే బిడ్డకు అందులో కొద్ది భాగం చాలు. మామిడి, స్ట్రాబెర్రీ వాసనలతో ఉండే ఆ సీసాను బిడ్డ ఏమనుకుంటుంది? 2014 డిసెంబరులో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది వయసు బిడ్డ ఈ ద్రవం మింగి చనిపోయింది.

చర్మం నుంచి కూడా నికోటిన్ లోపలికి పోతుంది. ప్రకాశం జిల్లా పొగాకు పొలాల్లో మంచుకు తడిసిన ఆకు కోసిన రోజున తల తిరుగుడు, వాంతులు ఎందుకు వస్తాయో కూలికి వెళ్లే అక్కలకు అనుభవమే. ఒంటి మీద ద్రవం ఒలికితే బట్టలు తీసి, బాగా నీళ్లతో కడగాలి. మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించకూడదు. సీసాను చేతపట్టుకుని నేరుగా ఆసుపత్రికి రండి.

సిస్టర్లకు ఒక హెచ్చరిక. వాంతులు, చొంగ, చెమటలు, పాలిపోవడం, ఫిట్స్, ఆపైన శ్వాస కండరాలు బలహీనపడటం: ఇవి చూడగానే మన ప్రాంతంలో మొదట తోచేది పురుగుమందే. నికోటిన్ విషం కూడా అలాగే కనిపిస్తుంది. ఇంట్లో పురుగుమందు డబ్బా లేదని వాళ్లు ప్రమాణం చేసి చెబుతుంటే, ఈ సీసా ఉందేమో అడిగి డాక్టరు గారికి వెంటనే చెప్పండి.

చట్టం, విదేశంలో ఉన్న పిల్లలు

మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, అదే ఏడాది డిసెంబరులో చట్టం వచ్చాయి. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వకు ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "అక్కడ షాపులో బిల్లుతో కొన్నాను" అన్న మాట మన విమానాశ్రయంలో చెల్లదు. అమెరికా నుంచో లండన్ నుంచో వచ్చే పిల్లలకు ముందే ఫోనులో చెప్పడం మంచిది.

మరి బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ వారే సిగరెట్ మానడానికి వేపింగ్ వాడవచ్చంటున్నారు కదా అని అక్కడ ఉన్న పిల్లలు అడుగుతారు. నిజమే. ఏళ్ల తరబడి సిగరెట్లు తాగుతున్న పెద్దవాడు వాటిని పూర్తిగా వదిలి ఇటు మారితే అతని కీడు తగ్గుతుందని వారి అభిప్రాయం, దానికి పరిశోధనల బలమూ ఉంది. కానీ ఎన్నడూ పొగ తాగనివారు మొదలుపెట్టవద్దని వారే చెబుతున్నారు. వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి అక్కడ కూడా నిషేధించారు. ముప్పై ఏళ్ల నుంచి రోజుకు పెట్టె సిగరెట్లు తాగే మేనమామకు చెప్పిన మాటను, పందొమ్మిదేళ్ల మేనల్లుడు తనకు వర్తింపజేసుకోకూడదు.

అడగవలసిన ప్రశ్న

ఆ మధ్య మా ఛాతీ వార్డుకు ఆయాసంతో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి వచ్చాడు. "పొగ తాగుతావా బాబూ?" అని డ్యూటీ సిస్టర్ అడిగింది. "లేదు మేడమ్." ఆమె అక్కడితో ఆగలేదు. "ఆవిరి డబ్బా, వేప్, అలాంటిదేమైనా?" "అది పొగ కాదు కదా మేడమ్," అన్నాడు. వాడు అబద్ధం ఆడలేదు. వాడి లెక్కలో అది వేరు. అందుకే మా కేస్ షీట్లలో ఇప్పుడు బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కాల పక్కన వేప్ అని విడిగా రాస్తున్నాం. అవునంటే మరో మూడు అడగాలి: ద్రవంలో నికోటిన్ ఎంత, రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు, గంజాయి సారం ఏమైనా కలుస్తుందా. తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోబెట్టి అడగండి. పోలీసుల్లా అడగవద్దు.

ఇంట్లో తల్లులూ అంతే. డబ్బా లాక్కుంటే ఇంకొకటి వస్తుంది. నికోటిన్ అలవాటైన మనిషికి మొదటి వారం చిరాకు, నిద్రలేమి, తలనొప్పి, ఆకలి ఎక్కువ కావడం సహజం. అది పొగరు కాదు. ఆ వారం వాడితో మెల్లగా ఉండండి. నికోటిన్ చూయింగ్ గమ్ వాడాలా, ఎంతకాలం అన్నది డాక్టరు గారితో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. పొగాకు మానడానికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను నంబరు 1800-11-2356.

చివరిగా, వాడు మనసు మార్చుకుని డబ్బా మీ చేతికిస్తే, కోపంలో పొయ్యిలో వేయకండి. సెల్ పేలుతుంది. చెత్తబుట్టలోనూ వద్దు. సెల్స్ బయటకు తీసి, రెండు కొసలకూ టేపు అంటించి, విడివిడిగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. సీసాలో మిగిలిన ద్రవాన్ని పెరట్లో మొక్కలకు పోయవద్దు, తులసి ఎండిపోతుందనే కాదు, నికోటిన్‌ను ఒకప్పుడు పురుగుమందుగానే అమ్మేవారు. మూత గట్టిగా బిగించి పిల్లలకు అందకుండా ఉంచి, ఆసుపత్రికి వచ్చినప్పుడు ఎలా పారేయాలో అడగండి. పాత సెల్స్ వేయడానికి ఫార్మసీ కిటికీ పక్కన ఎర్రమూత డబ్బా ఒకటి పెట్టించాం. అవి ఎవరివని అక్కడ ఎవరూ అడగరు.